ఆరో నంబరు కత్తి మీద గీతలు

మార్చి 3

ఆరో నంబరు కత్తిని పాడు చేశావు మామయ్యా. పాడు అంటే ఎక్కడో చిన్న గీత పడిందని కాదు. దాని ఒంటి మీద చర్మం ఒలిచేశావు.

నువ్వు పంపిన తాతయ్య కత్తుల పెట్టె నిన్న సాయంత్రం బస్సు పార్సిల్ ఆఫీసులో తీసుకున్నాను. వర్క్‌షాపు బట్టలు కూడా మార్చుకోలేదు. గది తలుపు వేసి, మంచం మీద దుప్పటి పరిచి, ఒక్కొక్కటే బయటికి తీశాను. తొమ్మిదీ ఉన్నాయి. తాతయ్య చుట్టిన నూనె గుడ్డలు, గుడ్డల మీద ఆయన కట్టిన దారాలు, అన్నీ ఉన్నాయి. ఐదో నంబరు దాకా ఆయన వాసన పీల్చుకుంటూ కూర్చున్నాను. ఆరు విప్పేసరికి అందులో నా ముఖం కనబడింది.

ఆ కత్తిలో ముఖం కనబడకూడదు. చేసినవాళ్ళే పనిగట్టుకుని దానికి బూడిదరంగు పట్టించారు. మెరిస్తే అవతలివాడికి కనబడతావు, కనబడితే చస్తావు. రెండో ప్రపంచ యుద్ధంలోంచి మెరవకుండా బతికి బయటపడిన కత్తి అది. ఎనభై ఏళ్ళు నిలిచిన రంగు నా చెయ్యి దాటాక రెండేళ్ళు కూడా నిలవలేదు.

నీకు తెలియని సంగతులు కావు, అయినా రాస్తాను, సిగ్గుపడతావేమోనని. తాతయ్య కాలితో తొక్కే చక్రం మీద యాభై ఏళ్ళు ఊరందరి కత్తులకీ సాన పట్టాడు. ఈ తొమ్మిదింటికి మాత్రం పట్టనన్నాడు. ఎవరైనా యుద్ధం నాటి కత్తి తెస్తే, "ఇది నా దగ్గర వదిలేసి మంచి కూరగాయల కత్తి పట్టుకెళ్ళండి" అనేవాడు. ఆరో నంబరు తెచ్చినావిడ ఏమందో గుర్తుందా? "ఉల్లిపాయ కోస్తుంటే, ఇది ఇంతకుముందు ఏం కోసిందోనని చెయ్యి ఆగిపోతోంది నాయనా" అంది. అది ఎవరి కత్తో ఆవిడ చెప్పలేదు, తాతయ్య అడగలేదు.

పన్నెండేళ్ళప్పుడు తాతయ్య మెచ్చుకుంటాడని మూడో నంబరును ఇటుకపొడితో తోమాను. ధగధగలాడుతుంటే తీసుకెళ్ళి చూపించాను. ఆయన తిట్టలేదు. పది రోజులు నాతో మాట్లాడలేదు, అంతే. పక్కనే కూర్చుని అన్నం తినేవాడు, నీళ్ళు కూడా నిన్నే అడిగేవాడు. పదకొండో రోజు భూతద్దం నా చేతిలో పెట్టి, "నువ్వు చెరిపేసిందేమిటో గుర్తున్నంతవరకు రాయి" అన్నాడు. మా నోటుబుక్కు అలా మొదలైంది. అందులో ఆరో నంబరు గురించి కోడి గెలికినట్టున్న నా రాతలో ఇలా ఉంది: "బూడిదరంగు. తోలు బిళ్ళలు పేర్చిన పిడి. కుడివైపు 1943. ఎడమవైపు ఎవరో మేకుతో పేరు గీకబోయారు. మూడు అక్షరాలు. మిగతా పేరు గీకడానికి తీరిక దొరకలేదు పాపం, అన్నాడు తాతయ్య."

ఆ మూడు అక్షరాల్లో ఇప్పుడు ఒకటే మిగిలింది. అదీ సగం.

ఫోన్ చెయ్యకు. ఫోనులో నవ్వించి తప్పించుకుంటావు. కాగితం మీద రాయి. ఎవరు చేశారు, దేనితో చేశారు, ఎందుకు చేశారు.

నీ మేనకోడలు

మార్చి 9

ఆకురాయీ,

నీ ఉత్తరం చదివి వేళ్ళు కాలాయేమోనని చూసుకున్నాను. నీకా పేరు పెట్టినప్పుడు ఐదేళ్ళు. ఎవరి మీద రాసుకుంటూ వెళ్ళినా వాళ్ళ తోలు లేచిపోయేది. ఇప్పుడు తపాలా బిళ్ళ అంటించి మరీ తోలు తీస్తున్నావు.

నేనే చేశాను. నీకు పంపేముందు శుభ్రంగా ఉండాలని గరుకు కాగితం పెట్టి రుద్దాను. కాస్త ఎక్కువైంది. బట్ట కత్తిరించేవాడికి ఇనుము సంగతి ఏం తెలుస్తుంది చెప్పు? తప్పే. తిట్టుకో.

ఇక్కడ అంతా మామూలే. బ్యాంకు పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు, పాత కొలతలకే ప్యాంటు కుట్టమని. "అయ్యా, నడుము కొంచెం మారింది" అంటే, "నడుము మారలేదు, నీ టేపు ముడుచుకుపోయింది" అన్నాడు. టేపు కొత్తది కొన్నానని చెప్పి, చాటుగా రెండంగుళాలు వదిలాను. ఆయన సంతోషించాడు. మీ అత్తయ్య నీకోసం స్వెటర్ అల్లుతోంది. మెడ దగ్గర ఆగింది. నీ తలకాయ ఇంకా పెరుగుతోందేమోనని దాని అనుమానం.

వసారా ఖాళీగా ఉంది. నాన్న చక్రాన్ని పోయినేడు వానలకి ముందే విప్పి అటక మీద పెట్టాం. ఇప్పుడక్కడ సైకిలు పెడుతున్నాను. అది పెట్టిన ప్రతిసారీ, ఇది ఇక్కడ ఉండాల్సింది కాదనిపిస్తుంది.

నువ్వు ఇల్లు దాటి ఏడాదిన్నర. నాన్న పోయినప్పుడు వచ్చి ఒక్క రోజుండి వెళ్ళావు. మళ్ళీ ఎప్పుడొస్తావు? కోపం బస్సు దిగేముందు కిటికీలోంచి పారేసి రా.

మీ మామయ్య

మార్చి 13

అబద్ధం ఆడావు. అదీ నా దగ్గర, ఇనుము విషయంలో.

నేనిక్కడ రోజుకి ఎనిమిది గంటలు గ్రైండింగ్ చక్రం ముందు నిలబడతాను. నాకు ఐటీఐ కాగితం లేదు, ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి నేర్చుకున్నాను, కాల్చుకుని నేర్చుకున్నాను. డ్రిల్లు బిట్టు చేతిలో పెడితే, దాన్ని ఎవరు పదును పెట్టారో, ఆ రోజు వాడికి ఎంత తొందరగా ఉందో చెప్తాను. నువ్వు నాకు గరుకు కాగితం కథ చెప్తున్నావు!

గరుకు కాగితంతో రుద్దితే గీతలు కత్తి పొడుగునా పడతాయి. ఇవి అడ్డంగా ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి, దువ్వెనతో దువ్వినట్టు. ఇది చక్రం పని. పైగా గీతలన్నీ ఎడమచేతివాడి వాలులో ఉన్నాయి. నువ్వు కత్తెర పట్టేది కుడిచేత్తో. కాబట్టి నువ్వు చెయ్యలేదు, ఎవరిచేతో చేయించావు.

ఎడమచేత్తో సాన పట్టేవాళ్ళు అరుదు. నాకు తెలిసింది తాతయ్య ఒక్కడే. ఆయన ఆ కత్తికి చచ్చినా సాన పట్టడు. అంటే ఇంకో ఎడమచేతివాడెవడో దొరికాడు నీకు. ఎవడు వాడు? పనివాడే, ఒప్పుకుంటాను. వాదర ఎంత సమంగా తీశాడంటే, మొన్న గుడ్డ తగిలితే గుడ్డే తెగింది. ఆ పనితనం చూస్తే ఇంకా ఒళ్ళు మండుతోంది.

ఎందుకు చేయించావో కూడా నాకు తెలుసు. మెరిపిస్తే ఎవరైనా కొంటారనుకున్నావు. బేరం కుదరక ఏమీ తెలియనట్టు మళ్ళీ గుడ్డ చుట్టి నాకు పంపావు. పాత కత్తులు కొనేవాడికి మెరిసే కత్తి అక్కర్లేదు మామయ్యా. ఆ మాత్రం తెలుసుకోకుండానే ముంచావు.

ఇంకో మాట. పోయినేడంతా ఎప్పుడు ఫోన్ చేసినా "నాన్న పడుకున్నాడు" అనేవాడివి. పగలు పదకొండింటికి పడుకున్నాడు, సాయంత్రం ఐదింటికి పడుకున్నాడు. ఆయనతో నాలుగు మాటలు మాట్లాడనిస్తే నీ సొమ్మేం పోయేది? ఆయన పడుకున్నాడని నమ్మి ఊరుకున్న దద్దమ్మని నేను.

ఆ ఎడమచేతివాడి పేరు రాయి.

మార్చి 19

అమ్మాయీ,

అమ్మబోయానన్నావు. ఆ ముక్క దగ్గర చదవడం ఆపేసి, మిగతాది మర్నాడు చదివాను.

నేను ఆయన కొడుకుని. ఆ చక్రం చప్పుడుకి నిద్రలేచాను, ఆ చప్పుడుకే పడుకున్నాను, నువ్వు పుట్టకముందు పాతికేళ్ళు. నాకు ఆ కత్తుల మీద ఆసక్తి లేదు, నిజమే. ఇంట్లో అవి ఉంటే భయమేసేది కూడా. కానీ చిన్నప్పుడు ఆయన సాయంత్రం గుడ్డలు విప్పి కూర్చుంటే నేను దీపం పట్టుకునేవాణ్ణి. నువ్వు వచ్చాక ఆ దీపం నీ చేతికి వెళ్ళింది. ఒక్కసారైనా అలిగానా?

వీధిలోకి సాన పట్టేవాడెవరో వచ్చాడు. ఇచ్చాను. పేరు అడగలేదు. మళ్ళీ రాలేదు. దీని గురించి ఇక రాయకు.

మీ మామయ్య

ఇది మీ అత్తయ్య రాస్తున్నది. కవరు అంటించమని ఇస్తే విప్పి రాస్తున్నాను. మీ మామయ్య రెండు రోజులుగా మిషను దగ్గర కూర్చుంటున్నాడు గానీ కుట్టడం లేదు. బ్యాంకాయన ప్యాంటుకి ఒక కాలే అయింది. నువ్వు అడిగేది న్యాయమే, కాదనను. కానీ అడిగే నోరు కొంచెం చూసుకో. ఆయన ఎవరికో మాటిచ్చాడు. ఇంతకంటే నేను చెప్పకూడదు. స్వెటర్ మెడ అయింది.

మార్చి 22

సాన పట్టింది తాతయ్యే.

నేను ఉద్యోగానికి వచ్చేటప్పుడు ఆయన పదును పెట్టిచ్చిన కూరగాయల కత్తి నా గదిలో ఉంది. నిన్న టమాటా కోస్తూ దాన్ని వెలుతురులోకి తిప్పాను. తర్వాత ఆరో నంబరు తీసి పక్కన పెట్టాను. భూతద్దంతో చూశాను. కళ్ళు నావి కదా, కోపంలో ఉన్నాయేమోనని ఇవాళ రెండూ వర్క్‌షాపుకి పట్టుకెళ్ళి, ఏమీ చెప్పకుండా మేస్త్రీ ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, రెండింటి మీదా గోరు ఆనించి చూశాడు.

"రెండూ ఒకడి పనే" అన్నాడు. "పిడి దగ్గరికొచ్చేసరికి బొటనవేలు ఎత్తేస్తాడు. ఇదిగో, రెండింటికీ ఇక్కడ చిన్న పల్లం. పాతకాలం చెయ్యి. ఎవరే పిల్లా ఈయన? మన దగ్గరికి వస్తాడేమో అడుగు."

నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నాను.

నాకు పది రోజుల శిక్ష వేసిన మనిషి ఆ పని ఎందుకు చేశాడు? ఎప్పుడు చేశాడు? నువ్వు దాన్ని నీ నెత్తిన ఎందుకు వేసుకున్నావు? ఇంకొక్క అబద్ధం రాశావంటే ఆ ఇంటి గడప తొక్కను. నేను అన్నమాట మీద నిలబడతానని నీకు తెలుసు.

అమ్మబోయావన్నది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను.

మార్చి 28

ఆకురాయీ,

ఇప్పటిదాకా మాట నిలబెట్టుకున్నాను. నువ్వే కనిపెట్టావు కాబట్టి అది తప్పినట్టు కాదని మీ అత్తయ్య తీర్పు చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని రాస్తున్నాను.

నువ్వు వెళ్ళిన నాలుగైదు నెలలకి నాన్నకి మరుపు మొదలైంది. ముందు కళ్ళజోడు, తర్వాత వారాలు, తర్వాత మనుషులు. నన్ను బాగానే గుర్తుపట్టేవాడు ఒక పూట. ఇంకో పూట "ఎవరింటబ్బాయివి?" అనేవాడు. నువ్వు ఫోన్ చేసినప్పుడు పడుకున్నాడని చెప్పింది అందుకే. తెలివిలో ఉన్నప్పుడు తనే చెప్పాడు: "దానితో మాట్లాడుతూ దాన్నే ఎవరని అడిగేస్తానేమోరా. ఫోను నాకివ్వకు."

పోయినేడు వానలకి ముందు ఒక మధ్యాహ్నం. మీ అత్తయ్య మేడ మీద బట్టలు తీస్తోంది. నేను లోపల కాజాలు కుడుతున్నాను. వసారాలో చక్రం తిరిగిన చప్పుడు. నువ్వు వెళ్ళాక అది వినడం అదే మొదలు. ముందు గరగర, తర్వాత ఇనుము ఆనగానే సన్నగా లేచే ఆ కూత, నీకూ తెలుసుగా. నేను కుట్టడం ఆపేశాను. లేచి వెళ్ళి ఏం పడుతున్నాడో చూడాలి కదా? వెళ్ళలేదు. సూది చేతిలో పట్టుకుని వింటూ కూర్చున్నాను. నాకు ఎనిమిదేళ్ళన్నట్టు, అమ్మ వంటింట్లో ఉన్నట్టు అనిపించింది. మొత్తం అయిపోయేదాకా విన్నాను. అందుకే నేనే చేశానని రాశాను. అది పూర్తి అబద్ధం కాదు.

వెళ్ళేసరికి కత్తి నీళ్ళల్లో ముంచి తుడుస్తున్నాడు. ముఖంలో ఎంత నెమ్మదో! తనకి మళ్ళీ నలభై ఏళ్ళని, వీధిలో ఎవరో సాన పట్టమని ఇచ్చి వెళ్ళారని అనుకుంటున్నాడు. గుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. "లోపలికి రా నాన్నా" అన్నాను. "కత్తి ఇచ్చినావిడ రావాలి" అన్నాడు. నేనే చెప్పులేసుకుని వీధిలోకెళ్ళి, తిరిగొచ్చి, "నా కత్తి అయిందాండీ?" అని అడిగాను. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఇది మీది కాదండీ. ఇచ్చింది ఆడపిల్ల. తనే వస్తుంది" అన్నాడు.

సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు.

దీపాలు పెట్టే వేళకి తెలివొచ్చింది. గుడ్డ విప్పి చూసుకున్నాడు. భూతద్దం అడిగాడు. ఆ అక్షరాలు వెతికాడు, అటు తిప్పి, ఇటు తిప్పి. నేను "పోనీలే నాన్నా" అన్నాను. "పోనియ్యడానికి నువ్వెవడివిరా" అన్నాడు. భూతద్దం పక్కన పెట్టి, "ఆకురాయికి చెప్పకు. దానితో నేను పది రోజులు మాట్లాడలేదు" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. మర్నాడు నేనూ పక్కింటి మెకానిక్కూ కలిసి చక్రం విప్పేశాం. అటక మీదికి ఎక్కిస్తుంటే చూస్తూ కూర్చున్నాడు, ఎవరిదో సామాను చూసినట్టు.

కత్తిని వేరే ఎక్కడైనా దాచేయాల్సింది, పెట్టెలో ఎనిమిదే పంపాల్సింది అని మీ అత్తయ్య అంది. ఎనిమిది పంపితే నువ్వు పోలీసుల్ని తీసుకొచ్చేదానివి అన్నాను. జరిగింది ఇదీ.

మీ మామయ్య

ఏప్రిల్ 1

నువ్వు చేసిన తప్పు ఇప్పుడు సరిగ్గా తెలిసింది. నన్ను పిలవలేదు. ఏడాది పాటు పిలవలేదు. నన్ను ఎవరని అడిగితే ఏమయ్యేది? "సాన పట్టించుకోవడానికి వచ్చానండీ" అనేదాన్ని. రోజూ వచ్చేదాన్ని. ఆ రోజు గుమ్మంలో ఆడపిల్ల వస్తుందని చూస్తూ కూర్చున్నాడని ఎంత తాపీగా రాశావు మామయ్యా! నాలుగు గంటల బస్సు ప్రయాణం.

ఒట్టు ఆయన వేయించుకున్నాడు, సరే. నువ్వు వెయ్యకుండా ఉండాల్సింది. ఈ ముక్క నీ ముఖం మీద చెప్తాను, అప్పుడు అడ్డం రాకు.

చక్రం చప్పుడు వింటూ కూర్చున్నందుకు మాత్రం నిన్ను ఏమీ అనను. నేనైనా కూర్చునేదాన్ని.

మేస్త్రీకి జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు తల గోక్కుని, "మందు పెట్టి మళ్ళీ బూడిదరంగు తెప్పిద్దామా? తేడా నీకు తప్ప ఎవరికీ తెలియదు" అన్నాడు. వద్దన్నాను. నాకు తెలుస్తుంది కదా. నోటుబుక్కు తీసి ఆరో నంబరు కింద కొత్తగా రాశాను: "తెల్లటి రంగు. ఒక అక్షరంలో సగం. చక్రం గీతలు, ఎడమచేతివి. పిడి దగ్గర బొటనవేలు ఎత్తిన పల్లం. సాన పట్టినది మా తాతయ్య, వానలకి ముందు." తారీఖు దగ్గర ఖాళీ ఉంచాను. అది నువ్వు చెప్పాలి. మూడో నంబరు పక్కనే పెట్టాను దాన్ని. నేను పాడు చేసిందీ ఆయన పాడు చేసిందీ పక్కపక్కన ఉన్నాయి. మిగిలిన ఏడూ వాటివైపు చూడకుండా పడుకున్నాయి.

ఇప్పుడు నాకు కావలసింది విను. ఆ ఏడాదంతా కావాలి. ఏ నెలలో ఏం మరిచిపోయాడు, ఏం గుర్తుంచుకున్నాడు, ఏ పూట బాగా నవ్వాడు. ఆ మధ్యాహ్నం సాన అయ్యాక వాదరని ముంజేతి వెంట్రుకల మీద ఆనించి చూసి, ఎప్పటిలా "ఊఁ" అన్నాడా లేదా? అది తప్పకుండా రాయి. అత్తయ్యకి గుర్తున్నవి అత్తయ్యని రాయమను. కాగితం చాలకపోతే కత్తిరింపుల కాగితం మీద రాయండి, నాకు ఫరవాలేదు. చక్రం అటక మీది నుంచి దింపించు. ఇరుసుకి నూనె పెట్టు. సైకిలు వేరే చోట పెట్టుకో.

పది రోజులు గడువిస్తున్నాను. ఈ పది రోజులూ నీతో మాట్లాడను, ఫోన్ ఎత్తను. ఏప్రిల్ 11 సాయంత్రం టపాకి జవాబు నా చేతిలో ఉండాలి. మర్నాడు మొదటి బస్సుకి వస్తున్నాను. నా కత్తి అయిందో లేదో అడగడానికి.

నీ మేనకోడలు